ఏ 'ఓ ప్రియా ప్రియా' అండీ? ఒకే పేరున్న పాటల్లోంచి కావాల్సినదాన్ని పట్టుకోవడం ఎలా

పోయిన ఏడాది మాఘంలో మధురవాడ దగ్గర ఒక రిసెప్షన్‌కి సౌండ్, లైటింగ్ మాదే. జంట లోపలికి నడిచొచ్చేటప్పుడు 'ఓ ప్రియా ప్రియా' వేయాలని పెళ్లికొడుకు చెల్లెలు వారం ముందే వాట్సాప్‌లో పెట్టింది. సరేనమ్మా అన్నాను. రాత్రి ఎనిమిదింపావుకి తలుపులు తీశారు. పొగ మిషన్ ఊదింది, నడవకి రెండు పక్కలా కోల్డ్ ఫైర్ లేచింది, డ్రోన్ కుర్రాడు ఎవరి తలకీ తగలకుండా దాన్ని పైకి లేపాడు. మా మేనల్లుడు లాప్‌టాప్‌లో పాట నొక్కాడు.

వచ్చింది గీతాంజలి పాట. 1989. ఇళయరాజా బాణీ, వేటూరి మాట, బాలు, చిత్ర గొంతులు. ఆ పాటకి వంక పెట్టడానికి నేనెవణ్ణి? కాకపోతే అది ఎడబాటు పాట. ఆ అమ్మాయి అడిగింది 2012లో వచ్చిన ఇష్క్ సినిమాలోది. పెళ్లికొడుకు సగం నడవలో ఆగిపోయాడు, పాట మారుస్తారేమోనని. పెళ్లికూతురు మాత్రం నవ్వు చెదరనివ్వలేదు, పాపం, కెమెరా ఎదురుగా ఉంది కదా. మొదటి వరసలో ఒక పెద్దావిడ పమిట చెంగుతో కళ్లొత్తుకోవడం కన్సోల్ దగ్గర్నుంచే కనబడింది. ఇక పెళ్లికూతురు తల్లిగారు నా వైపు తిరిగి చూసిన చూపుంది చూశారూ, దాని గురించి రాయను. బిల్లులో రెండు వేలు తగ్గించి ఇచ్చారు. మారుమాట్లాడకుండా తీసుకున్నాను.

తప్పు మేనల్లుడిది కాదు. లాప్‌టాప్‌లో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి 'ఓ ప్రియా ప్రియా'. రెండోదీ 'ఓ ప్రియా ప్రియా'నే, చివర బ్రాకెట్లో ఒకటి అంకె. ఏది ఏదో నాకు తెలుసు, వాడికి తెలీదు. నేనేమో ఆ నిమిషంలో జనరేటర్ దగ్గర ఉన్నాను. ఆ మర్నాడే కూర్చుని నాకు తెలిసిన పద్ధతులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి వాడి చేతిలో పెట్టాను. ఇంట్లో పుట్టినరోజుకో, కాలేజీ ఫేర్‌వెల్‌కో, వీధిలో వినాయకుడి పందిరికో పాటలు సర్దేవాళ్లకి కూడా పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

ముందు చిక్కు ఎక్కడుందో చూడండి

మన పాటకి విడిగా పేరు పెట్టే అలవాటు లేదు. పల్లవి ఏ మాటతో మొదలైతే అదే దాని పేరు. ప్రేమ పాట మొదలెట్టాలంటే కవి దగ్గరున్న పిలుపులు ఎన్నో లేవు. ప్రియా, ప్రియతమా, చెలీ, చెలియా, మనసా, నువ్వే నువ్వే... వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమాలేమో ఏడాదికి వంద దాటి వస్తాయి. ఒకే పిలుపు పది పాటల్లో తేలడంలో వింతేం లేదు.

అందుకని మొదటి మాటను నమ్మకండి, రెండో ముక్క అడగండి. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

'ప్రియతమా' తీసుకోండి. 'ప్రియతమా నా హృదయమా' అంటే 1989లో వచ్చిన ప్రేమ. 'ప్రియతమా నను పలకరించు' అంటే 1990లో వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరి. సంగీతం ఎవరిదని అడిగారనుకోండి, రెండింటికీ ఇళయరాజానే. ఎవరు పాడారని అడిగితే రెండింట్లోనూ బాలునే. మధ్యలో తేడా ఒక్క ఏడాది. ఇలాంటి చోట రెండో ముక్క తప్ప వేరే దారి లేదు. ఇక 'ప్రియతమా ప్రియతమా' అని రెండుసార్లు అంటే 2019 మజిలీ. ఆ కథ మన వైజాగ్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇక్కడి కుర్రాళ్లు ప్రియతమా అన్నారంటే నేను ముందు దాన్నే చేతిలో పెట్టుకుని మాట్లాడతాను.

రెండో ముక్క కూడా మొదటిదే అయితే? 'చెలియా చెలియా' సంగతి అదే. 2001 ఖుషిలో ఉంది, 2004 ఘర్షణలో ఉంది, 2014లో వచ్చిన ఎవడులో ఉంది. ఇవి చాలవన్నట్టు 2017లో చెలియా అని ఏకంగా సినిమానే వచ్చింది. వెతికితే అన్నీ కలిసి మీద పడతాయి. అప్పుడు మూడో మాటకి వెళ్లాలి. చెలియా చెలియా తర్వాత 'చిరుకోపమా' అని వస్తే ఖుషి, మణిశర్మది. పోలీసు డ్రెస్సులో వెంకటేష్ అంటే ఘర్షణ, హారిస్ జయరాజ్‌ది. రామ్ చరణ్ అంటే ఎవడు, దేవిశ్రీప్రసాద్‌ది.

పాడి వినిపించండి అంటే జనం సిగ్గుపడతారు. 'పాటలో మధ్యన ఏ మాట గుర్తుంది మీకు?' అనండి, చెప్పేస్తారు. లేదా ఐదు సెకన్ల వాయిస్ నోట్ పెట్టమనండి. లింకు పంపమంటే పంపుతారు గానీ, లింకు రాగానే పని అయిపోయిందనుకోకండి. ఎవరో గదిలో గిటార్ పట్టుకుని పాడింది, పాటను సాగదీసి నెమ్మది చేసింది, ఇలాంటివి పంపుతుంటారు. అడిగింది దాన్నే అయితే సరే. కాకపోతే మళ్లీ మీరే ఇరుక్కుంటారు.

హీరో ఎవరు?

1994లో నేను డాబాగార్డెన్స్‌లో ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో పనికి కుదిరాను. అప్పట్లో జనం పాటల లిస్టు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో కలిపి కౌంటర్లో ఇచ్చి వెళ్లేవాళ్లు. మళ్లీ రెండ్రోజులకి వచ్చి తీసుకెళ్లేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్లో పక్కకి ఆరు పాటలు పడతాయి. మూడో పాట తప్పు పడిందనుకోండి, దాని చోట ఎక్కించాల్సిన పాట అరనిమిషం ఎక్కువున్నా నాలుగో పాట తల తెగిపోతుంది. అంటే అక్కణ్ణుంచి మొత్తం మళ్లీ ఎక్కించాలి. ఇప్పటిలా నొక్కితే మారిపోయే వ్యవహారం కాదు. అరగంట పాట అరగంటా నడవాల్సిందే.

మా ఓనరుగారు అందుకే కౌంటర్ మీద స్కెచ్ పెన్నుతో ఒక అట్టముక్క రాసి అతికించారు: 'పాట పక్కన హీరో పేరు రాయవలెను'. సినిమా పేరు మర్చిపోయినవాళ్లు కూడా హీరోని మర్చిపోరు. అది నిజమే గానీ, నాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

గోపాలపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. లిస్టులో ఐదో పాట 'సిరిమల్లె పువ్వు'. పక్కన హీరో పేరు లేదు, 'జానకి పాడినది' అని ఉంది. నేను ఎక్కించింది 'సిరిమల్లె పువ్వల్లె నవ్వు', 1976 జ్యోతి సినిమాలోది. ఆవిడ అడిగింది 'సిరిమల్లె పువ్వా', 1978 పదహారేళ్ల వయసు. రెండింట్లోనూ జానకి గొంతుంది, రెండింటికీ చక్రవర్తే, రెండు సినిమాలూ రాఘవేంద్రరావుగారివే. మూడో రోజు వచ్చి క్యాసెట్ కౌంటర్ మీద పెట్టి, "ఇదేటి బాబూ, నేనడిగింది చంద్రమోహన్ కుంటుకుంటూ నడుస్తాడు చూడు, ఆ సినిమాలోది కదా" అంది. హీరో పేరు రాయకపోయినా సినిమా ఆవిడ కళ్లలో ఉంది. నేను అడగలేదంతే. అప్పట్నుంచి హీరో కాకపోతే హీరోయిన్, ఆవిడా కాకపోతే 'తెర మీద ఏం కనిపిస్తుంది?' అని అడుగుతాను. జయసుధదా, శ్రీదేవిదా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ క్యాసెట్ మళ్లీ ఎక్కించే పని ఉండేది కాదు.

తెర మీద గుర్తు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 'బిందెల పాట' అంటారు. 1982 దేవతలో శోభన్‌బాబు, శ్రీదేవి చుట్టూ బిందెలే. 2019 గద్దలకొండ గణేష్‌లో అదే 'ఎల్లువొచ్చి గోదారమ్మ'ని మళ్లీ తీసినప్పుడు బిందెలు కూడా మళ్లీ పేర్చారు.

సినిమా పేరు చెప్పారు కదా అని ఊరుకోకండి

పాటలకే కాదు, సినిమాలకీ ఇదే గోల. మంచి మనసులు అంటే 1962లో ఒకటుంది, 1986లో ఒకటుంది. 'శిలలపై శిల్పాలు చెక్కినారు' మొదటిదాంట్లో, 'జాబిల్లి కోసం' రెండోదాంట్లో. ఆ 'జాబిల్లి కోసం' మళ్లీ రెండు: బాలు పాడింది వేరు, జానకి పాడింది వేరు. దేవదాసు 1953, 1974, 2006. తొలిప్రేమ 1998, 2018. ఖుషి 2001, మళ్లీ విజయ్ దేవరకొండది 2023. ఒక్కోసారి పాత పాట పల్లవే కొత్త సినిమాకి పేరవుతుంది. 1963 బందిపోటులో ఘంటసాల, సుశీల పాడిన 'ఊహలు గుసగుసలాడె' కావాలని ఒక తాతగారు అడిగితే, ఫోన్ మాత్రం 2014లో ఆ పేరుతో వచ్చిన సినిమా పాటలన్నీ చూపించింది.

అన్నిటికన్నా నన్ను తిప్పలు పెట్టింది 'నిన్ను కోరి'. ఘర్షణ సినిమాలో 'నిన్ను కోరి' అని ఉక్కునగరంలో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్‌కి రాసిచ్చారు. ఘర్షణ అంటే మా మేనల్లుడికి వెంకటేష్. దాంట్లో ఆ పాట లేదు. సినిమా మర్చిపోయి పాట పేరుతో వెతికితే 2017లో నాని చేసిన నిన్ను కోరి వచ్చింది. వాళ్లకి కావాల్సింది 1988 ఘర్షణ, మణిరత్నం తమిళంలో తీస్తే తెలుగులోకి వచ్చింది. అందులో చిత్ర పాడిన 'నిన్ను కోరి వర్ణం'. అసలు ఆ పాటకి ముందే మోహన రాగంలో 'నిన్నుకోరి' అని ఒక వర్ణం ఉంది, సంగీతం నేర్చుకునే పిల్లలు మొదటి ఏళ్లలోనే పాడతారు. ఇళయరాజా ఆ మోహనంలోనే ఈ పాట కట్టాడు. అంటే ఒక్క పేరు మీద వర్ణం, పాట, సినిమా.

కాబట్టి సంవత్సరం కావాలి. కానీ 'ఏ సంవత్సరం పాటండీ?' అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నేను వేరేగా అడుగుతాను: "ఈ పాట మొదట దేంట్లో విన్నారు?" రేడియోలో అన్నారంటే, ఆకాశవాణి విశాఖపట్నం, వివిధభారతి రోజులు. టేప్‌రికార్డర్ అంటే ఎనభైలు, తొంభైలు. సీడీ అంటే రెండు వేల తర్వాత మొదటి పదేళ్లు. బ్లూటూత్‌లో పంపుకున్నాం అంటే ఇంకొంచెం ఇటు. రీల్స్‌లో విన్నాను అంటే మాత్రం అదీ ఇదీ అని చెప్పలేం, ఎందుకంటే రీల్స్‌లో యాభై ఏళ్ల కిందటి పాట కూడా నిన్ననే పుట్టినట్టు తిరుగుతుంది. పెద్దవాళ్లయితే 'మీ పెళ్లికి ముందా, తర్వాతా?' అంటాను. దీనికి మాత్రం తడుముకోకుండా చెబుతారు.

నాన్నదా, కొడుకుదా, మేనల్లుడిదా?

మెగాస్టార్ పాటలకి విడిగా ఒక ప్రశ్న పెట్టుకోవాల్సి వచ్చింది. 'వాన వానా వెల్లువాయె' గ్యాంగ్ లీడర్‌లో 1991, రచ్చలో 2012. 'బంగారు కోడిపెట్ట' ఘరానా మొగుడులో 1992, మగధీరలో 2009. 'శుభలేఖ రాసుకున్నా' కొండవీటి దొంగలో 1990, నాయక్‌లో 2013. ఇవన్నీ నాన్న పాటలు కొడుకు సినిమాల్లోకి వచ్చినవి. 'గువ్వా గోరింకతో' 1988 ఖైదీ నెంబర్ 786 నుంచి 2015 సుబ్రమణ్యం ఫర్ సేల్‌కి, 'అందం హిందోళం' యముడికి మొగుడు నుంచి 2016 సుప్రీమ్‌కి వెళ్లాయి. ఇవి మేనల్లుడు సాయిధరమ్ తేజ్‌వి.

ఇవి వేరే వేరే పాటలు కావు, పాత పాటకే కొత్త దరువు. కానీ ఫంక్షన్‌లో తేడా చాలా ఉంటుంది. యాభై దాటినవాళ్లు స్టెప్పులు వేయడానికి లేచారంటే వాళ్ల ఒంట్లో ఉన్న లెక్క పాత పాటది. కొత్తది వేస్తే మధ్యలో ఎక్కడో బీటు మారి, చెయ్యి గాల్లో ఉండగానే ఆగిపోతారు. కుర్రాళ్లకి పాతది వేస్తే 'బేస్ లేదు అన్నా' అంటారు. సంగీత్ డాన్స్ ప్రాక్టీసు చేసుకొచ్చినవాళ్లయితే మరీ జాగ్రత్త: వాళ్లు ఏ ఫైలు మీద ప్రాక్టీసు చేశారో ఆ ఫైలే అడిగి తీసుకోండి. పేరు అడగొద్దు, ఫైలే కావాలి.

హిందీలోనూ ఇదే కథ, 'టిప్ టిప్ బర్సా పానీ' 1994 మొహ్రాలోదా, 2021 సూర్యవంశీలోదా అని అడక్కుండా వేయకండి.

త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకోవాల్సింది

గురజాడ కళాక్షేత్రంలో కచేరీలకి మైకులు పెడుతున్నప్పుడు ఒకటి గమనించాను. సంగీతం వాళ్లు కీర్తన పేరు ఒక్కటే ఎప్పుడూ చెప్పరు. పల్లవి, రాగం, తాళం, రాసినవారు, అన్నీ కలిపి చెబుతారు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఒక్క త్యాగరాజస్వామి దగ్గరే 'నగుమోము గనలేని' ఆభేరిలో ఉంది, 'నగుమోము గలవాని' మధ్యమావతిలో ఉంది. రాగం చెప్పకపోతే పక్కవాద్యం ఆయన ఏ స్వరం అందుకోవాలి? ఇక 2022 రాధేశ్యామ్‌లో 'నగుమోము తారలే' వచ్చాక నగుమోము అన్న ఒక్క మాటకి మూడు దారులయ్యాయి.

'సామజవరగమన' అయితే చెప్పక్కర్లేదు. హిందోళంలో త్యాగరాజ కీర్తన. 1980 శంకరాభరణంలోనూ వినిపిస్తుంది. 2020 అల వైకుంఠపురములోలో సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు రాస్తే సిద్ శ్రీరామ్ పాడింది పూర్తిగా వేరే పాట. శాస్త్రిగారు అనకాపల్లిలో పెరిగిన మనిషి కాబట్టి మాకు కాస్త గర్వం, అది వేరే సంగతి. 2023లో సామజవరగమన అని సినిమా కూడా వచ్చింది. సభలో దీపం వెలిగించేటప్పుడు 'జగదానందకారక వేయండి' అన్నారనుకోండి, నాట రాగంలో పంచరత్న కీర్తనా, 2011 శ్రీరామరాజ్యం పాటా అని నెమ్మదిగా చెవిలో అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడక్కపోతే మాత్రం ముందు వరసలో కూర్చున్న సంగీతం మాస్టారు తల అడ్డంగా ఊపుతారు.

భక్తి అనుకుని వేసేవాటిలో ఇంకో పొరపాటుంది. వినాయక చవితికి మా కంచరపాలెంలో ఒక పందిరి దగ్గర పిల్లలకి 'దండాలయ్యా వేయండిరా' అని చెప్పి వెళ్లారు పెద్దలు. 1991 కూలీ నెంబర్ 1లో 'దండాలయ్యా ఉండ్రాళ్లయ్యా' వాళ్ల ఉద్దేశం. పిల్లలు 2017 బాహుబలి రెండో భాగంలో 'దండాలయ్యా' వేశారు. గణపతి విగ్రహం వస్తుంటే వెనక రాజుగారి పాట. నిజానికి బానే కుదిరింది. వీధిలో సగం మందికి తేడా తెలియలేదు, తెలిసినవాళ్లు నవ్వుకున్నారు. అన్ని పొరపాట్లూ బిల్లు కోతదాకా రావు.

ఇంగ్లీషు పాట అడిగితే

వైజాగ్‌లో నేవీ వాళ్ల పార్టీలు తప్పవు. అక్కడ పద్ధతి తిరగేయాలి. ఇంగ్లీషు పాటకి పేరు విడిగా పెడతారు, అది మొదటి మాట కాకపోవచ్చు. అందుకని రెండో ముక్క కాదు, పాడింది ఎవరో అడగాలి. 'హలో' అంటే 1984లో లయొనెల్ రిచీదీ ఉంది, 2015లో అడెల్‌దీ ఉంది. 'జంప్' అంటే వాన్ హేలెన్‌ది కీబోర్డుతో మొదలయ్యే రాక్ పాట, 1992లో క్రిస్ క్రాస్‌ది ర్యాప్. అన్నిటికంటే గడ్డుది 'ద పవర్ ఆఫ్ లవ్'. 1984లో ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ వాళ్లది, 1985లో బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమా కోసం హ్యూయీ లూయిస్ అండ్ ద న్యూస్ వాళ్లది, వీటికి సంబంధం లేకుండా జెన్నిఫర్ రష్ పాడిన ఇంకోటి. ఆ మూడోదాన్నే 1993లో సెలిన్ డియాన్ మళ్లీ పాడింది. పెళ్లిరోజు కేకు కోసే జంటకి సాధారణంగా కావాల్సింది సెలిన్ డియాన్‌దే. అయినా నేను అడిగే వేస్తాను.

ఇన్ని పాటలకి ఒకే పేరుంటే కేసులు వేసుకోరా అని మేనల్లుడు అడిగాడు. పేరు మీద కాపీరైట్ ఉండదట. దేశీ బాయ్స్ అన్న టైటిల్ గొడవలో 2015లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. పాట మొత్తం ఎత్తుకుపోతే నేరం గానీ, దాని పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ తిప్పలు తగ్గవు, పెరుగుతాయి.

ఫైలు పేరు ఎలా పెట్టాలంటే

డౌన్‌లోడ్ అయిన పేరును అలాగే వదిలేయకండి. నా పద్ధతి ఇది: ముందు సంవత్సరం, తర్వాత సినిమా, తర్వాత పల్లవిలో మూడు మాటలు, చివర ఆ పాట ఎక్కడికి పనికొస్తుందో ఒక్క మాట. '1989 గీతాంజలి ఓ ప్రియా ప్రియా ఎడబాటు'. '2012 ఇష్క్ ఓ ప్రియా ప్రియా ఎంట్రీ'. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతటవే వరసలో పడతాయి. చివరి మాటే నన్ను కాపాడుతోంది. చీకట్లో, హడావుడిలో, పాట ఎప్పుడూ వినని కుర్రాడు కూడా 'ఎడబాటు' అని చదివితే పెళ్లికి నొక్కడు. మిక్సర్ తెర చిన్నదైతే పేరులో మొదటి పన్నెండు పదమూడు అక్షరాలే కనబడతాయి, అలాంటి చోట ఆ మాటను సంవత్సరం పక్కకి తెచ్చేయండి.

యాప్‌లో దొరకడం ఇంకో తలనొప్పి. మన పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు, ఎవరి ఇష్టం వాళ్లది. ప్రియతమాలో 'త'కి ఒకరు ఉత్త టీ పెడతారు, ఒకరు టీ పక్కన హెచ్ కూడా పెడతారు. చెలియాలో చివరి దీర్ఘానికి ఒక ఏ, లేదా రెండు. ఒక రకంగా కొడితే రాలేదని పాటే లేదనుకోకండి, మూడు రకాలుగా కొట్టండి. పాట పేరు మానేసి సినిమా పేరు, సంవత్సరం కొట్టి ఆల్బమ్‌లోకి వెళ్లడం ఇంకా తేలిక. రాగం గుర్తుండి మాట గుర్తులేనివాళ్ల కోసం 2020 నుంచి గూగుల్‌లో కూనిరాగం తీసి వెతికే వీలుంది. ఇంట్లో తలుపులేసుకుని చేస్తే పర్లేదు. ఫంక్షన్ హాల్లో వంటవాళ్ల గిన్నెల చప్పుడు మధ్య దానికేమీ వినపడదు.

కరోకే ట్రాకులకి ఇవన్నీ చేశాక ఇంకోటి కూడా చేయండి. గొంతు ఉండదు కాబట్టి విని పోల్చుకోవడం కష్టం. పాడేవాళ్లనే పిలిచి హెడ్‌ఫోన్‌లో మొదటి పదిహేను సెకన్లు వినిపించి, తల ఊపాకే పక్కన పెట్టుకోండి. జాబిల్లి కోసం ఆడవాళ్ల శ్రుతిలో ఉన్నది మగాయనకి పెట్టానొకసారి. పల్లవి దాటలేక మైకు నాకే తిరిగిచ్చేశారు.

అన్నీ చేసినా తప్పు పాట పడితే? టక్కున ఆపకండి. ఆపితే హాల్లో అందరి తలలూ కన్సోల్ వైపు తిరుగుతాయి, అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా. వాల్యూమ్ రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా దించుతూ, రెండో చేత్తో అసలు పాటను చరణం దగ్గర్నుంచి కాకుండా మొదట్నుంచి ఎత్తండి. మైకు పట్టుకున్నాయన తెలివైనవాడైతే ఈలోపు 'గట్టిగా చప్పట్లు' అంటాడు. ఇది మధురవాడ రోజున నాకు తట్టలేదు. జనరేటర్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి స్పేస్ బార్ నొక్కేశాను. ఆ నిశ్శబ్దంలో ఎవరో పసివాడు తుమ్మడం హాలంతా వినిపించింది.

మొన్న ఆ పెళ్లికూతురు తల్లిగారే ఫోన్ చేశారు. అమ్మాయికి సీమంతం, ఇంటి దగ్గరే, రెండు బాక్సులు చాలు అన్నారు. పాటల లిస్టు మా మేనల్లుడు రాసుకున్నాడు. ఒక్కో పాటకీ రెండో ముక్క, హీరో, నాన్నదా కొడుకుదా, అన్నీ అడిగాడు. చివర్లో ఆవిడ కాసేపాగి, "ఆ రోజు మీరు పొరపాటున వేశారే, ఆ ఓ ప్రియా ప్రియా కూడా పెట్టండి. మా అత్తగారు అప్పట్నుంచి అడుగుతున్నారు, సగంలో ఆపేశారని" అన్నారు.

1989దేనా అండీ అని అడిగాడు వీడు.